పోపుల డబ్బా, ప్లాటినం కార్డు

మైత్రీవనం దగ్గర ఫుట్‌పాత్ మీద నడవడమంటే పెళ్ళిలో భోజనాల బంతి మధ్య దారి చేసుకోవడమే. అడుగుకొకరు చేతిలో ఏదో ఒకటి పెడతారు. ఒకబ్బాయి జావా నేర్పుతామని కాగితం ఇస్తాడు. ఇంకొకడు పైథాన్ అంటాడు. మూడు పూటలా భోజనంతో హాస్టలు అని మరొకాయన. వీళ్ళందరినీ దాటుకుని మెట్రో మెట్ల దాకా వచ్చానో లేదో, మెడలో బిళ్ళ వేసుకున్న ఓ పిల్ల నవ్వుతూ అడ్డం వచ్చింది.

"ఆంటీ, రెండే నిమిషాలు! ట్రావెల్ క్రెడిట్ కార్డు. ఎయిర్‌పోర్టులో లౌంజి ఫ్రీ. అక్కడ టిఫిను ఫ్రీ. పాయింట్లతో విమానం టిక్కెట్టు ఫ్రీ."

"మరి కార్డో?" అన్నాను.

"ఏడాదికి పదివేలే ఆంటీ. ప్లస్ జీఎస్టీ."

మూడు ఫ్రీలు కలిపితే పదివేలన్న మాట! ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. పొద్దున్న ఏదో కోర్సుకి వెళ్ళి, సాయంత్రం ఇలా నిలబడి, రూము అద్దె సంపాదించుకుంటోందట. "నెలకిన్ని ఫారాలని లెక్క వుంది ఆంటీ" అంది దిగులుగా. "మా ఇంట్లో ఒకటి వుందమ్మా, దాని దెబ్బకే ఇంకా తేరుకోలేదు" అని చెప్పి వచ్చేశాను. వచ్చేశానే గానీ, ఆ కసి తీరలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

నా వాదన ముందే చెప్పేస్తాను. మనలాంటి ఇళ్ళకి, అంటే ఏడాదికి ఒకటో రెండో విమానం ఎక్కేవాళ్ళకి, ఈ ఖరీదైన ప్రయాణాల కార్డు శుద్ధ దండగ. అందులోనూ ఇంటాయనకి జరిగే నష్టం కన్నా ఇల్లాలికి జరిగేది ఎక్కువ. కాదన్నవాళ్ళు నాతో లెక్కకి కూచోండి.

రెండేళ్ళ కిందట మా వారు ఈ కార్డు తెచ్చారు. రుసుము 10,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 11,800. ఆ ఏడాది మేం తిరుపతికి ఒకసారి, ఢిల్లీలో మా అమ్మాయి దగ్గరికి ఒకసారి వెళ్ళాం. రానూ పోనూ నాలుగు విమానాలు. నాలుగుసార్లూ ఇద్దరం లౌంజిలో తిన్నామనే అనుకోండి. అదే బయట కొనుక్కుంటే మనిషికి ఏమవుతుంది? విమానాశ్రయం ధర కాబట్టి నాలుగు వందలు వేయండి. ఇద్దరికీ కలిసి 3,200. ఇక పాయింట్లు. మా కార్డుకి వంద ఖర్చుకి నాలుగు పాయింట్లు, పాయింటు పావలా. ఏడాదంతా కలిసి మూడు లక్షలు గీకితే వచ్చింది 3,000. రెండూ కలిపితే 6,200. ఇచ్చింది 11,800. అంటే, 5,600 రూపాయలు పోసి మేం "ఉచితంగా" ఇడ్లీ తిన్నాం. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే కాబోలు.

"ఎనిమిది లక్షలు ఖర్చు పెడితే రుసుము మాఫీ చేస్తారటోయ్" అన్నారు మా వారు, నన్ను ఓదారుస్తూ. మూడు లక్షలు ఖర్చయ్యే ఇంట్లో ఇంకో ఐదు లక్షలు ఖర్చు పెడితే పదకొండు వేల ఎనిమిది వందలు మిగులుతాయన్న మాట! ఈ లెక్క మా చిన్నప్పుడు ఎక్కాల పుస్తకంలో లేదు.

పైగా ఆ ఇడ్లీ అయినా నాలుగుసార్లూ దక్కిందా? లేదు. మొదటి రెండుసార్లూ రాజమర్యాదలే. మూడోసారి కౌంటరు దగ్గర కార్డు గీకి చూసి, "సారీ మేడమ్, గత మూడు నెలల్లో మీ ఖర్చు చాల్లేదు" అన్నారు. 2024 నుంచీ చాలా బ్యాంకులు తమ కార్డుల్లో ఎన్నిటికో ఈ మెలిక పెట్టాయి. అంతకు ముందు మూడు నెలల్లో ఇన్ని వేలు గీకితేనే లౌంజి తలుపు తెరుచుకుంటుంది. వెనకాల పదిమంది వరసలో నిలబడి చూస్తూండగా, "మీరు తక్కువ ఖర్చు పెట్టారు" అని అనిపించుకోవడం! పొదుపుగా వున్నందుకు మా అమ్మ మెచ్చుకునేది. ఇక్కడ పొదుపు చేసినందుకు గుమ్మంలోంచి వెనక్కి పంపారు.

సరే, ఇడ్లీ పోతే పోయింది. అసలు ప్రమాదం బిల్లు కింద వుంది. అక్కడ "కనీస చెల్లింపు" అని ఓ ముద్దొచ్చే చిన్న అంకె వుంటుంది. ఇది కట్టేస్తే చాలు, మిగతాది తరవాత చూసుకుందాం అనిపిస్తుంది. ఏడుకొండలవాడు పెళ్ళికని కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగమంతా వడ్డీయే కడుతున్నాడని మన పెద్దలు చెబుతారు. అదీ కనీస చెల్లింపంటే. ఆయనకంటే హుండీ వుంది. మనకేముంది?

లెక్క చూడండి. 60,000 బాకీ మిగిల్చారనుకోండి. నెలకి మూడున్నర శాతం వడ్డీ, అంటే 2,100. దాని మీద జీఎస్టీ 378. ఒక్క నెలకి 2,478. ఆ అరవై వేలు గీకినందుకు మా కార్డు ఇచ్చిన పాయింట్ల విలువ 600. ఇంకో సంగతి, బాకీ మిగిల్చాక కొత్తగా కొన్న వస్తువులకి కూడా గడువు వుండదు. కొన్ననాటి నుంచే వడ్డీ. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం దాటిన వడ్డీ అన్యాయం అన్నది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టివేసింది. కాబట్టి మనల్ని కాపాడే గీత ఏదైనా వుంటే అది మన ఇంట్లో మనం గీసుకున్నదే.

"విదేశాలు వెళితే పనికొస్తుంది కదా" అంటారు. చాలా కార్డులకి విదేశంలో గీకితే మూడున్నర శాతం దాకా అదనం, దాని మీద మళ్ళీ జీఎస్టీ. లక్ష ఖర్చుకి 4,130 దాకా పోతుంది. పాయింట్లు దాన్ని పూడ్చవు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. మా మరిది నెలకి రెండుసార్లు ఢిల్లీకి, బొంబాయికి ఆఫీసు పని మీద తిరుగుతాడు. బిల్లు వచ్చిన రోజే పూర్తిగా కట్టేస్తాడు. పాయింట్ల గడువు తేదీలు డైరీలో రాసుకుంటాడు. "నాకు లాభమే వదినా" అంటాడు. నిజమే, అతనికి లాభమే. కానీ పులిని చూసి నక్క వాతలు పెట్టుకుంటే ఎలా? నెలలో నాలుగుసార్లు విమానం ఎక్కేవాడి కార్డు, ఏడాదికి నాలుగుసార్లు ఎక్కేవాళ్ళకి అతకదు.

అలాగే అమెరికా నుంచి వచ్చిన మా అక్క కొడుకు, "పాయింట్లతో బిజినెస్ క్లాసులో వచ్చాను పిన్నీ" అని మురిసిపోయాడు. ఆ టిక్కెట్టు ఆకాశం నుంచి ఊడిపడిందా? కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు దగ్గర బ్యాంకులు కొంత శాతం పట్టుకుంటాయి. ఆయన దాన్ని సరుకు ధరలో కలుపుతాడు. నోట్లిచ్చి కొనేవాళ్ళు కూడా ఆ ధరే ఇస్తారు. 2010లో బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు లెక్క కట్టి, అమెరికాలో నగదు వాడే కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు కార్డులవాళ్ళకి సమర్పించుకుంటోందనీ, కార్డు కుటుంబానికి 1,133 డాలర్లు అలా ముడుతున్నాయనీ తేల్చారు. మన దగ్గర ఫోనుతో చేసే యూపీఐ చెల్లింపులకి 2020 జనవరి నుంచి దుకాణదారు మీద ఆ భారం లేదు. క్రెడిట్ కార్డుకి మాత్రం వుంది. అంటే నేను లౌంజిలో కాఫీ తాగితే, అందులో చెంచాడు పంచదార మా పనిమనిషి కొన్న సరుకుల్లోంచి వచ్చిందేమో! ఈ సంగతి తెలిశాక ఆ కాఫీ నాకు తియ్యగా లేదు.

నేను కార్డులకే శత్రువుని అనుకునేరు. కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన మన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఆ పని చేసిన మొదటి బ్యాంకుల్లో అదొకటి. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గానీ, ఆ ఘనత మన తెలుగువాళ్ళదే. చేతిలో డబ్బు లేనప్పుడు ఆసుపత్రి కౌంటరు దగ్గర కార్డు అక్కరకొస్తుంది. దానికి తక్కువ రుసుముదో, రుసుమే లేనిదో చాలు. లౌంజీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. మా వారు ముచ్చటపడి నాకూ ఓ అనుబంధ కార్డు ఇప్పించారు. నా పేరు బంగారు అక్షరాల్లో! మా చెల్లెలి కూతురి సీమంతానికని అమీర్‌పేటలో 2,400 పెట్టి చీర కొన్నాను. మైత్రీవనం సిగ్నల్ దగ్గర ఆటో ఇంకా ఆగే వుంది, ఫోను మోగింది. "ఏమిటోయ్, 2,400 అని మెసేజి వచ్చింది, దేనికి?"

ఆయన కోపంగా అడగలేదు. మామూలుగానే అడిగారు. కానీ ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. ఎందుకంటే ఇన్నేళ్ళూ నా డబ్బు ఆవాల గిన్నె కిందా, మెంతుల గిన్నె కిందా వుండేది. పాలవాడి దగ్గర మిగిల్చిందీ, పాత పేపర్లమ్మిందీ, పండక్కి అన్నయ్య చేతిలో పెట్టిందీ. మా అబ్బాయి పరీక్ష ఫీజుకి గడువు ముంచుకొచ్చినప్పుడు ఆ డబ్బాలోంచే తీశాను. మా అమ్మకి కంటి ఆపరేషనుకి ఆ డబ్బాలోంచే పంపాను. ఎవరూ మెసేజి పెట్టలేదు, ఎవరూ దేనికని అడగలేదు.

అనుబంధ కార్డులో పేరు నాది, బాధ్యత ఆయనది, బిల్లు ఆయనది, పాయింట్లూ ఆయన ఖాతాలోవే. రేపు నేను సొంతంగా అప్పు కోసం బ్యాంకుకి వెళితే, ఇన్నాళ్ళూ నేను గీకిన గీకుడుకి నా పేరున చరిత్రేమీ వుండదు. వెరసి నాకు మిగిలింది బంగారు అక్షరాలు. కావాలంటే ఇల్లాలు తన పేరునే, తన బ్యాంకులోనే, ఫిక్స్‌డ్ డిపాజిట్టు మీద ఓ చిన్న కార్డు తీసుకోవచ్చు. అది గౌరవంగా వుంటుంది.

మీ ఇంట్లో ఇలాంటి కార్డు వుంటే ఈ ఆదివారం ఓ కాగితం తీసుకోండి. ఒకవైపు రుసుము, జీఎస్టీ, కట్టిన వడ్డీ రాయండి. రెండోవైపు కార్డు లేకపోయినా మీరు తప్పకుండా కొనివుండే వాటి ధర మాత్రమే రాయండి. లౌంజి గోడ మీద రాసిన ధర రాయకండి. అది మీరు కొనివుండేది కాదు. మొదటివైపు బరువుగా తేలితే కార్డు మూసేయమని అడగండి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలనీ, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు మనకే ఇవ్వాలనీ 2022లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఫోనులో బతిమాలతారు, పాయింట్లు ఎర చూపుతారు. చెవిన పెట్టకండి.

మేం మూసేశాం. మొన్న ఢిల్లీ వెళ్ళేటప్పుడు పులిహోర పొట్లం కట్టుకుపోయాను. గేటు దగ్గర కుర్చీల్లో కూచుని ఇద్దరం తింటూంటే, లౌంజిలోంచి వచ్చిన ఒకావిడ ఆ పక్కనే కూచుని, "వాసన బాగుందండీ, ఇంట్లో చేశారా?" అంది. ఆకులో ఇంత పెట్టి ఇచ్చాను.

డబ్బులు మాత్రం ఏమీ పుచ్చుకోలేదు. పాయింట్లు కూడా.