తాడు విప్పకముందే చెప్పాలి

కార్తిక మాసం వచ్చిందంటే నర్సీపట్నం నుంచి, చుట్టుపక్కల గ్రామాల నుంచి పాపికొండలు చూడబోయే వారు తక్కువేమీ కాదు. ఊరివారు నలభై యాభై మంది కలిసి బస్సు మాట్లాడుకుంటారు. తెల్లవారుజామునే బయలుదేరి, తుని మీదుగా రాజమండ్రి దాటి, గోదావరి రేవులో లాంచీ ఎక్కుతారు. మనిషికి ఎంత, అందులో టిఫిను ఉందా, భోజనం ఉందా, పిల్లలకు సగం టికెట్టు చాలునా అని నెల రోజుల ముందు నుంచే బేరమాడుకుంటారు. ఇన్ని సంగతులు మాట్లాడుకొనే మనం, నది మధ్యలో పడవకు ఏమైనా అయితే ఎవరు ఏం చేయాలన్న సంగతి మాత్రం ఎత్తము. ఎత్తబోయిన వారిని పెద్దలు కసురుకుంటారు. బయలుదేరే వేళ ఆ అపశకునపు మాటలేమిటంటారు. లాంచీ యజమానికీ ఆ మాట గిట్టదు. భయపెడితే జనం దిగిపోతారని, మరుసటి వారం రారని అతని బెంగ. ఇటు యాత్రికుడూ అటు యజమానీ ఇద్దరూ మౌనంగా ఉండడంతో అసలు చెప్పవలసిన మాట చెప్పకుండానే తాడు విప్పడం మన రేవుల్లో అలవాటైపోయింది.

ఆ అలవాటు ఖరీదెంతో 2019 సెప్టెంబరు 15న తెలిసింది. ఆనాడు ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ గోదావరిలో మునిగిపోయింది. పడవలో ఉన్నవారు 77 మంది. బయటపడినవారు 26 మంది. మిగిలిన 51 మందిలో కొందరి శవాలైనా దొరకలేదు. మన విశాఖపట్నం నుంచి వెళ్ళిన కుటుంబాలూ అందులో ఉన్నాయి. హైదరాబాదు, వరంగల్లు నుంచి వచ్చినవారూ ఉన్నారు. అప్పుడు నదిలో అయిదు లక్షల క్యూసెక్కుల దాకా వరద పోతున్నది. కచ్చులూరు మందం వద్ద నది కొండల మధ్య ఇరుకై సుడులు తిరుగుతుందని ఆ ప్రాంతపు సరంగులందరికీ తెలిసిన విషయమే. అంత వరదలో పర్యాటకుల పడవను వదలడమే మొదటి తప్పు. దానికి ఎవరెవరు బాధ్యులన్నది వేరే చర్చ.

మనం ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. ఆ పడవలో లైఫ్ జాకెట్లు లేక కాదు. ఇచ్చారు, చాలామంది మొదట తొడుక్కున్నారు. ఉక్కపోతగా ఉందని, భోజనాల వేళ అయిందని తీసి పక్కన పెట్టారని ప్రాణాలతో బయటపడినవారు చెప్పిన మాటలు ఆనాటి పత్రికలన్నిటిలో వచ్చాయి. పడవ ఒరిగిన తరువాత జాకెట్టు వెతుక్కొని, చేతులు దూర్చి, బకిలీలు బిగించుకొనేటంత వ్యవధి నది ఎవరికీ ఇవ్వలేదు. గట్టు మీది తూటుగుంట గ్రామస్థులు తమ నాటు పడవలు వేసుకొని ఎదురెళ్ళి, నీటిపై తేలుతున్నవారిని లాగి కాపాడారు. వారికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, జీతమూ ఇవ్వలేదు. నీటిలో తేలి ఉన్నవాణ్ణే వారైనా కాపాడగలిగారు. పడవ లోపలి గదిలో చిక్కుకుపోయినవారిని ఎవరు మాత్రం ఏం చేయగలరు? కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, విశాఖ నుంచి వచ్చిన గజ ఈతగాళ్ళ సాయంతో, అక్టోబరు 22న పడవను పైకి తీసినప్పుడు లోపల మరికొన్ని శవాలు దొరికాయి. అప్పటికి అయిదు వారాలు దాటింది.

దానికి పదహారు నెలల ముందే అదే గోదావరిలో మంటూరు వద్ద మరో లాంచీ మునిగింది. 2018 మే 15న సాయంత్రం కొండమొదలు వైపు నుంచి వస్తున్న గిరిజనులు అందులో ఉన్నారు. గాలివాన కొట్టింది. జల్లు లోపలికి వస్తున్నదని తలుపులూ కిటికీలూ మూసుకున్నారు. లాంచీ తిరగబడగానే ఆ మూసిన తలుపులే వారికి ఉరి అయినాయి. వానకు తలుపు వేసుకోవడం ఇంట్లో మంచి అలవాటే. లాంచీలో గాలివాన రేగినప్పుడు తలుపులు తీసి ఉంచి, జాకెట్లు బిగించుకొని, ద్వారానికి దగ్గరగా ఉండాలని వారికి ముందుగా ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఎందరు బతికేవారో. అంతకు ముందు సంవత్సరం, 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారం నాడు కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు.

ఇదంతా మన దేశపు నిర్లక్ష్యం, బయటి దేశాల్లో ఇలా జరగదని కొందరంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. పదంతస్తుల మేడ అంత ఎత్తుండే విహార నౌకల్లోనూ ఇదే జరిగింది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరాన జిగ్లియో దీవి పక్కన కోస్టా కాంకార్డియా అనే ఓడ రాతికి తగిలి ఒరిగిపోయింది. ఓడలో నాలుగు వేల రెండు వందల మంది పైచిలుకు ఉన్నారు. ప్రాణ రక్షక పడవలకు లోటు లేదు, జాకెట్లకు లోటు లేదు. లోటల్లా చెప్పడంలోనే. ఆ సాయంత్రమే ఓడ ఎక్కిన ఆరు వందల పైచిలుకు ప్రయాణికులకు, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే డ్రిల్లు ఇంకా జరపలేదు. ఎక్కిన ఇరవై నాలుగు గంటలలోగా జరిపితే చాలునని అప్పటి నిబంధన! రాయి ఇరవై నాలుగు గంటలు ఆగలేదు, ఓడ కదిలి మూడు గంటలు నిండకముందే తగిలింది. పైగా, కరెంటు పోయిందంతే, కంగారు పడకండి అని ప్రయాణికులకు చెబుతూ గంటకు పైగా కాలయాపన చేశారు. అందరూ ఓడ దిగండన్న ఉత్తర్వు వెలువడేసరికి ఓడ బాగా వాలిపోయి, కొన్ని పడవలు దించడానికే వీలులేకపోయింది. 32 మంది మరణించారు. అందులో పనిచేసే ముంబయి వాసి ఒకరి శవం 2014 నవంబరులో కాని దొరకలేదు. కెప్టెనుకు పదహారేళ్ళ జైలు శిక్ష పడింది. నిబంధన కూడా మారింది. ఓడ బయలుదేరక ముందే, లేదా బయలుదేరిన వెంటనే ప్రయాణికులందరికీ డ్రిల్లు జరపాలన్న నియమం 2015 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా అమలులోకి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే 1912 నాటి టైటానిక్ సంగతి తెలియనివారు లేరు. అందులో పడవలు చాలలేదని అందరూ చెబుతారు. ఉన్న పడవలైనా నిండలేదన్నది ఎక్కువమందికి తెలియదు. ఆ పడవల్లో 1,178 మందికి చోటుంటే, బతికినవారు ఏడు వందల పైచిలుకు మాత్రమే. మొదట దించిన పడవలో 65 మంది పట్టవలసి ఉండగా 28 మందే ఎక్కారు. అంత పెద్ద ఓడ మునుగుతుందంటే జనం నమ్మలేదు. చీకట్లో చిన్న పడవలోకి దిగడానికి జంకారు. ముందు ఒక్కసారైనా అలవాటు చేయించి ఉంటే ఆ జంకు కొంతైనా తగ్గి ఉండేది.

ఓడల ముచ్చట నర్సీపట్నం వారికెందుకని అనుకోనక్కరలేదు. విశాఖపట్నం రేవులో విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కట్టారు. 2022 జూన్‌లో కార్డేలియా సంస్థ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు యాత్రికులను తీసుకువెళ్ళింది. మన ప్రాంతపు ఉద్యోగులు, వ్యాపారులు కూడా పెళ్ళిరోజులకూ సెలవులకూ అటువంటి ఓడలెక్కే రోజులివి. పెద్ద ఓడలో డ్రిల్లు ఎలా ఉంటుందో తెలుసుకోవడం మంచిదే. ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడవుగా కూత వేస్తారు. ఆ కూత వినగానే తినే పళ్ళెం వదిలి, మెట్ల మీదుగా తమకు కేటాయించిన చోటికి చేరాలి. అక్కడ లెక్క చూసుకుంటారు, జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూపిస్తారు. మహా అయితే అరగంట. ఆ అరగంటనూ ఫొటోలకు వాడుకొనే పెద్దమనుషులు ఉండనే ఉంటారు.

మన లాంచీకి అరగంట కూడా అక్కరలేదు, పది నిమిషాలు చాలు. తాడు విప్పకముందు సరంగో గుమాస్తానో అందరినీ కూర్చోబెట్టి చెప్పవలసినవి ఎక్కువ లేవు. జాకెట్టు భుజాన తగిలించుకుంటే లాభం లేదు. బకిలీలన్నీ బిగించాలి, వదులుగా ఉంటే నీటిలో తల మీదుగా జారిపోతుంది. గట్టు దిగేదాకా, అన్నం తినేటప్పుడైనా సరే, విప్పరాదు. పడవలో పై అంతస్తు ఏది, కింది గదికి ద్వారాలెన్ని, ఎటు తెరుచుకుంటాయి అన్నది ప్రతి మనిషీ ఒకసారి నడిచి చూసుకోవాలి. ఒడ్డున ఏదో కనిపించిందని అందరూ ఒకే పక్కకు పరిగెత్తరాదు. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి సరస్సులో అలాగే ఒక పక్కకు మూగడంతో పడవ తలకిందులై 45 మంది చనిపోయారు. గట్టు మీది జంతువులను చూడాలన్న ఆత్రమే అక్కడ కొంప ముంచింది.

కచ్చులూరు తరువాత ప్రభుత్వం ఊరకే కూర్చోలేదన్నది ఒప్పుకోవాలి. రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టడానికి 2019 నవంబరులో శంకుస్థాపన జరిగింది. వరద ఎంత ఉంటే పడవ వదలాలి, సరంగు తాగి ఉన్నాడా, ఎంతమందిని ఎక్కించారు అన్నవి అక్కడే తనిఖీ చేయాలన్నారు. పాపికొండల విహారం 2021 నవంబరులో మళ్ళీ మొదలయింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో దేశీయ జలమార్గాల నౌకలకు 2021లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇవన్నీ పడవను గురించిన ఏర్పాట్లు. పడవలో కూర్చున్న మనిషికి ఏం తెలుసునన్నది ఎవరు తనిఖీ చేస్తున్నారు? జాకెట్లు లెక్కకు సరిపోయాయని రిజిస్టరులో రాసుకుంటే సరిపోదు. ప్రయాణికులందరికీ చెప్పి, తొడిగించి చూసిన తరువాతనే తాడు విప్పామని ప్రతి ట్రిప్పుకూ సరంగు చేత సంతకం చేయించాలి. చెప్పకుండా కదిలిన లాంచీకి ఆ సీజనంతా లైసెన్సు ఆపివేయాలి. రెండు లాంచీలకు అలా జరిగితే మూడోది తానే దారికి వస్తుంది.

ఈ నియమాలేవీ చేరని నీళ్ళు కూడా ఉన్నాయి. అవి మనకు గోదావరి కంటే దగ్గర. నర్సీపట్నం నుంచి చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా వెళ్ళే రోడ్డే సీలేరుకు పోతుంది. 2021 మే 24 రాత్రి సీలేరు జలాశయంలో రెండు నాటు పడవలు మునిగాయి. కూలికి వెళ్ళి కరోనా రోజుల్లో ఒడిశాలోని తమ ఊరికి తిరిగిపోతున్న కుటుంబాలవి. దారిలో తనిఖీ చేసి ఆపేస్తారన్న భయంతో చీకట్లో నీటి దారి పట్టారు. పదకొండు మందిలో ముగ్గురే ఈదుకొని ఒడ్డు చేరారు. మునిగినవారిలో పసిపిల్లలు ఉన్నారు. వారు విహారానికి వెళ్ళినవారు కాదు, ఇంటికి పోతున్నవారు. ఆ పడవకు టికెట్టు లేదు, సరంగు లేడు, కంట్రోల్ రూము లేదు. వారికి డ్రిల్లు గురించి ఎవరు చెబుతారు? అటువంటి చోట వంతెనే అసలైన రక్షణ. పక్కనే ఒడిశాలో బలిమెల జలాశయం మీద గురుప్రియ వంతెన 2018 జూలైలో తెరిచాక, ఎన్నో దశాబ్దాలుగా పడవ తప్ప గతిలేని నూటయాభై ఊళ్ళకు రోడ్డు దారి ఏర్పడింది. అన్ని రేవులకూ వంతెనలు ఇప్పట్లో వచ్చేవి కావు కాబట్టి, వచ్చేదాకా పడవ నడిపే ప్రతి గిరిజన కుటుంబానికీ నాలుగేసి జాకెట్లు ఉచితంగా ఇవ్వడం ఐ.టి.డి.ఎ.కు పెద్ద భారం కాబోదు. రేవు ఉన్న ప్రతి ఊరి బడిలో, ఏడాదికొకసారి వానలకు ముందు, మునుగుతున్నవాణ్ణి తాడు విసిరి ఎలా లాగాలో పిల్లలకు చూపించవచ్చు. మన పక్కన నాతవరం మండలంలోని తాండవ జలాశయం చుట్టూ ఉన్న ఊళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఈత వచ్చిన కుర్రవాడు ఉత్సాహంతో దూకి, మునిగేవాడి పట్టులో చిక్కి తానూ పోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాం.

ఇక కార్తికానికి బస్సులు కట్టే మన ఊరి వారికి ఒక మాట. లాంచీతో బేరం కుదుర్చుకొనేటప్పుడు భోజనంలో కూరలెన్ని అని అడిగినట్లే, పిల్లల కొలతకు జాకెట్లున్నాయా అని అడగండి. పెద్దల జాకెట్టు అయిదేళ్ళ పిల్లకు తొడిగితే పిల్ల కిందికి జారిపోతుంది, జాకెట్టు మాత్రం తేలుతుంది. లేవంటే ఆ లాంచీ వద్దనండి. బస్సులో నలభై మంది ఉన్న బేరాన్ని ఏ యజమానీ పోగొట్టుకోడు. కావాలంటే పక్క లాంచీ వాణ్ణి అడిగైనా తెచ్చి ఇస్తాడు.