ఓడ ఎక్కేది ఏ నెలలో?

మా ఇంట్లో రెండు నెలలుగా ఒకటే పంచాయితీ. మెడిటరేనియన్ క్రూయిజ్‌కి వెళ్లాలా వద్దా అని కాదు, ఎప్పుడు వెళ్లాలని.

నాన్న సోషల్ టీచర్. పోయినేడు రిటైరయ్యారు. ముప్పై ఏళ్లకు పైగా బ్లాక్‌బోర్డు మీద మధ్యధరా సముద్రం గీసి, అందులోకి బూటు లాంటి ఇటలీని దించి, "అక్కడ చలికాలంలో వానలు, ఎండాకాలంలో చుక్క పడదు. మనకు పూర్తిగా ఉల్టా" అని పిల్లలకు చెప్పిన మనిషి. ఆయన కళ్లారా చూసిన సముద్రం మాత్రం వైజాగ్‌లో, సూర్యలంకలో ఉన్నదే. అందుకే ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నెలకు కొంత పక్కన పెడుతూ వచ్చాను. అమ్మ, నాన్న, నేను. ముగ్గురం, ఒకే క్యాబిన్, ఏడు రాత్రులు.

ఇంజినీర్ని కదా, ముందు ఎక్సెల్ షీట్ తెరిచాను. నెలలు అడ్డంగా, ఎండ, రేటు, రద్దీ, నా లీవు నిలువుగా. ప్రాజెక్టు రిలీజ్ అయిపోయి కాస్త ఊపిరి పీల్చుకునేది జులై ఆఖర్లో కాబట్టి జులైకే వెళ్దామని అడ్వాన్సు కట్టబోయాను. నాన్న ఫోన్ తీసుకుని తేదీ చూశారు. "జులైలోనా? అక్కడ అది నడి వేసవి తల్లీ" అన్నారు. అంతే, మళ్లీ మొదటికొచ్చాం.

జులై, ఆగస్టు: అందరూ వెళ్లే కాలం

యూరప్‌లో స్కూళ్లకు సెలవులు ఈ రెండు నెలల్లోనే. ఆగస్టు 15 మనకు స్వాతంత్ర్య దినం, ఇటలీలో ఫెర్రగోస్తో పండుగ. ఆ వారం దేశం దేశమే సముద్రం ఒడ్డున ఉంటుంది. కాబట్టి క్రూయిజ్ రేటు ఎక్కువ, జనం ఎక్కువ, ఎండా ఎక్కువే. 2021 ఆగస్టు 11న సిసిలీలో 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండం రికార్డు అది. రామగుండం వాళ్లు కూడా వామ్మో అనే లెక్క. ఏథెన్స్‌లో వేడిగాలులు ముదిరితే అక్రోపోలిస్‌ని మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు. 2023 నుంచి వరసగా మూడు వేసవుల్లో అలా మూశారు. మన ఓడ రేవులో ఉండేదే ఎనిమిది, పది గంటలు. అందులో నాలుగు గంటలు గేటు దగ్గరే పోతే ఇక చూసేదేముంది?

ఇంకో తిప్పలు గాలి. గ్రీసు దీవుల వైపు జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి గట్టిగా వీస్తుంది. ఆకాశం నీలంగానే ఉంటుంది, అలలు మాత్రం లేస్తాయి. శాంటోరినిలో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. సముద్రంలోనే ఆగితే చిన్న పడవల్లో జనాన్ని దించుతారు. గాలి ఎక్కువైతే కెప్టెన్ ఆ దీవిని వదిలేసి ముందుకెళ్లిపోతాడు. ఫొటోల కోసం ఆ ఒక్క దీవినే నమ్ముకుని టికెట్ కొన్నవాళ్లకు అదో దుఃఖం.

సెప్టెంబరు, అక్టోబరు: నా షీట్‌లో ఫస్ట్ ర్యాంకు

నీళ్లు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారతాయి. అందుకే సముద్రంలో స్నానానికి జూన్ కంటే సెప్టెంబరు మేలు. గాలిలో వేడి తగ్గి ఉంటుంది, నీళ్లు మాత్రం ఆగస్టులోలా వెచ్చగానే ఉంటాయి. స్కూళ్లు తెరుస్తారు కాబట్టి పిల్లలున్న కుటుంబాలు తగ్గుతాయి. ఈత మీద ప్రాణం ఉన్నవాళ్లు, హనీమూన్ జంటలు, ఫ్రెండ్స్ గ్యాంగులు కళ్లు మూసుకుని సెప్టెంబరు రెండో సగం పెట్టుకోవచ్చు.

అక్టోబరు సగం దాటాక మాత్రం లెక్క మారుతుంది. వెచ్చటి సముద్రం మీదికి చల్లగాలి వస్తే కుండపోత వానలు పడతాయి. స్పెయిన్‌లో వలెన్సియాను ముంచిన వరదలు 2024 అక్టోబరు 29న వచ్చినవే. పైగా అక్టోబరు ఆఖర్లో గడియారం గంట వెనక్కి తిప్పుతారు, రోమ్‌లో ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు. అదే మే ఆఖర్లో అయితే రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుగే. నవంబరు దగ్గరపడేకొద్దీ చాలా ఓడలు కరీబియన్ వైపు వెళ్లిపోతాయి. అలా వెళ్లేటప్పుడు అట్లాంటిక్ దాటే ట్రిప్పులు చవగ్గా దొరుకుతాయి. కానీ వరసగా వారం దాకా నీళ్లు తప్ప ఊరు కనపడదు.

మన సెలవులు మనకే లాభం

ఈ లెక్కలు వేస్తుంటే ఒకటి తట్టింది. మన దగ్గర స్కూళ్లకు పెద్ద సెలవులు రెండే: ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఎండాకాలం సెలవులు, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో దసరా సెలవులు. మధ్యధరా వైపు మంచి కాలాలూ సరిగ్గా ఆ రెండే! మనం సెలవుల్లో ఉన్నప్పుడు అక్కడి పిల్లలు బడిలో ఉంటారు. యూరప్ వాళ్లు ఎక్కువ డబ్బులిచ్చి జులైలో వెళ్తుంటే మనకు మేలో, దసరాకు తక్కువ రద్దీలో దారి దొరుకుతుంది. పిల్లలున్న అక్కలు, అన్నలు ఇది రాసి పెట్టుకోండి.

షీట్ ప్రకారం దసరా ఖాయం చేసి ఇంట్లో చెప్పాను. అమ్మ ఒక్క మాటలో కొట్టేసింది. "బతుకమ్మ వదిలేసి ఓడ ఎక్కాలా?" సరే, మేలో వెళ్దామా అంటే నా రిలీజ్ సరిగ్గా అప్పుడే. పైగా ఆ మాడ్యూల్ లీడ్ నేనే. నేను నసుగుతుంటే నాన్న ఎప్పటిలాగే, "నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే పోదాం. వచ్చే ఏడాదైనా సరే, తొందరేముంది" అన్నారు.

అదే వారం అమ్మను మోకాళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే చూసి, "ఇప్పటికైతే నడవగలరు, మెట్లు తగ్గించండి. ఆపరేషన్ గురించి ఏడాదిన్నర, రెండేళ్లలో ఆలోచించాల్సి వస్తుంది" అన్నారు. ఇంటికొచ్చి షీట్ తెరిచి చూస్తే సిగ్గేసింది. ఎండ, రేటు, రద్దీ, నా లీవు అన్నిటికీ గడులున్నాయి. అమ్మ మోకాళ్లకు గడి లేదు. ఏడాది ఆగితే నా రిలీజ్ ఇంకోటి వస్తుంది. అమ్మ నడక మాత్రం ఇలాగే ఉంటుందని ఎవరు చెప్పగలరు?

మర్నాడు మేనేజర్‌ని మే నెలలో పన్నెండు రోజులు లీవు అడిగాను. రిలీజ్ టైమ్‌లోనా అని ఆయన మొహం పెట్టిన మాట నిజం. మాడ్యూల్ బాధ్యత ఇంకొకరికి వెళ్లింది. ఈసారి అప్రైజల్‌లో దాని ప్రభావం ఉండొచ్చు కూడా. లెక్క చూసుకునే ఒప్పుకున్నాను.

మే అంటే ఏం దొరుకుతుంది, ఏం పోతుంది

రోమ్‌లో మే మధ్యాహ్నం సుమారు 23, 24 డిగ్రీలు. మనకు డిసెంబరు కంటే హాయి. గులకరాళ్ల వీధుల్లో మధ్యమధ్య కూర్చుంటూ నడవొచ్చు. గ్రీసు ఇప్పుడు క్రూయిజ్ ప్రయాణికుల దగ్గర ఫీజు తీసుకుంటోంది. శాంటోరినిలో, మైకొనోస్‌లో దిగితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనిషికి 20 యూరోలు, మేలో 12. పోయేదేమిటంటే ఈత. మేలో సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది. మా అమ్మానాన్నలు ఎలాగూ కాళ్లు తడుపుకునే బాపతే కాబట్టి మాకు నష్టం లేదు. మే 1 మాత్రం తప్పించండి. ఆ రోజు అక్రోపోలిస్, వాటికన్ మ్యూజియాలు రెండూ మూసేస్తారు.

రూటు కూడా మోకాళ్లను బట్టే ఎంచాను. శాంటోరినిలో పడవ దిగాక కొండ మీదికి కేబుల్ కారు ఉంది, లేదంటే 588 మెట్లు. కేబుల్ కారు క్యూ ఎంతసేపో మన చేతుల్లో ఉండదు. అందుకే గ్రీసు వదిలేసి, ఓడ నేరుగా రేవుకు ఆనుకునే పడమటి రూటు తీసుకున్నాం. బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, రోమ్ వైపు.

బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి:

ఒకటి, ఊరి పేరు చూసి మోసపోవద్దు. "రోమ్" అంటే ఓడ ఆగేది చివిటావెక్యాలో. అక్కడి నుంచి రోమ్‌కి రైల్లో సుమారు గంట. "ఫ్లోరెన్స్" అంటే లివోర్నో రేవు. "వెనిస్" అయితే ఇంకా జాగ్రత్త. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని శాన్ మార్కో ముందు నుంచి వెళ్లనివ్వడం లేదు. కొన్ని ఓడలు రవెన్నాలో ఆగుతాయి, అక్కడి నుంచి వెనిస్‌కి రెండు గంటలకు పైగా ప్రయాణం.

రెండు, వారం చూడండి. వాటికన్ మ్యూజియాలకు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ గ్యాలరీకి సోమవారం సెలవు.

మూడు, వీసా. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందే అప్లై చేయొచ్చు. ఫీజు 90 యూరోలు, దాంతోపాటు కనీసం 30 వేల యూరోల మెడికల్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ కావాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి అప్లై చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మధ్యలో టర్కీ లాంటి షెంగెన్ కాని దేశం తగిలితే మల్టిపుల్ ఎంట్రీ తప్పనిసరి. లేదంటే తిరిగి గ్రీసులోకి రానివ్వరు. మే ప్రయాణానికి స్లాట్ ఏప్రిల్‌లో వెతికితే గుండె దడ తప్ప ఏం దొరకదు. మేం జనవరిలోనే వేలిముద్రలు ఇచ్చేశాం.

నాలుగు, టికెట్ రేటే మొత్తం ఖర్చు కాదు. టిప్పుల పేరుతో రోజుకు మనిషికి పది నుంచి ఇరవై యూరోల దాకా బిల్లులో పడొచ్చు. వైఫై, కూల్‌డ్రింక్స్, ఓడ వాళ్లు తిప్పే టూర్లు అన్నీ వేరే. ఇక్కడ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ కూడా కడతాం, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. క్యాబిన్‌లో మూడో మనిషికి మామూలుగా రేటు తగ్గుతుంది. సోలోగా వెళ్తే మాత్రం చాలాసార్లు ఇద్దరి డబ్బులు కట్టాలి.

ఐదు, ఓడ ఎవరి కోసమూ ఆగదు. బయల్దేరే రోజు ఉదయం దిగే ఫ్లైట్ అస్సలు వద్దు, ఒక రోజు ముందే ఆ ఊరు చేరండి. నెయ్యి డబ్బా ఇంట్లోనే వదిలేయండి. బయటి దేశాల పాల ఉత్పత్తుల్ని ఈయూలోకి తీసుకెళ్లనివ్వరు. ఈ మాట అమ్మకు చెప్పడమే మొత్తం ప్లానింగ్‌లో కష్టమైన పని.

మీరు కూడా ఇలాంటి ప్లాన్‌లో ఉంటే, షీట్‌లో నెలల కంటే ముందు మనుషుల పేర్లు రాయండి. ఎవరికి ఎండ పడదు, ఎవరు మెట్లెక్కలేరు, ఎవరికి ఏ పండుగ వదలబుద్ధి కాదు, ఎవరు "నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే" అంటున్నారు. ఆ చివరి వాళ్ల దగ్గర ఇంకోసారి అడగండి. సగం నెలలు అక్కడే కొట్టివేతకు వస్తాయి.

మాది మే రెండో వారం. నాన్న పాత అట్లాసు బయటికి తీసి, ఓడ ఆగే ఊళ్లకు పెన్సిల్‌తో చుక్కలు పెట్టారు. అమ్మ రోజూ సాయంత్రం అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు రౌండ్లు నడుస్తోంది. నిన్న ఐదు వేసిందట. ఫోన్ చేసి మరీ చెప్పింది.