వంతెనకు ముందు హక్కు

ఎవరును చూడని పల్లెను తాము ముందుగా చూడవలెనను కుతూహలము, ఎవరును కొనని నేలను తాము ముందుగా కొనవలెనను ఆశ, ఈ రెండును ఈ కాలపు కలిగినవారి హృదయములలో కవలలై పెరుగుచున్నవి. మొదటిదానికి యాత్ర యని పేరు. రెండవదానికి పెట్టుబడి యని పేరు. మొదటిదాని వెంట రెండవది నడచుట లోకమున పరిపాటి. బెంగుళూరునకు సమీపమున నున్న మన చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలో టమాటాలవలననో, వ్యాపారమువలననో, బిడ్డల యుద్యోగములవలననో నాలుగు రూకలు చేరినవారిలో మెట్టభూములతో తృప్తి చెందక, సముద్రపుటొడ్డున, వీలైనచో దీవిలో, ఒక చెక్క నేల సంపాదింపవలెనని తలపోయువారు లేకపోలేదు. ఆ కోరికలో నేరమేమియు లేదు. కాని ఆ నేలమీద ఇదివఱకే ఒక ఊరున్నదనియు, ఆ ఊరికొక బ్రతుకున్నదనియు మఱచుట మాత్రము నేరమే.

దీవి యనగానే మనవారికి అండమానులు, మాల్దీవులు, మారిషసు జ్ఞప్తికి వచ్చును. అంత దూరము పోనక్కఱలేదు. తడ మండలములో, పులికాటు సరస్సు నడుమ, ఇరకము అను దీవిపల్లె కలదు. భీమునివారిపాలెము రేవునుండి ఆ ఊరికి తరతరములుగా పడవయే దారి. ఉప్పునీరును మంచినీరును కలిసి యుండు సరస్సులలో చిలక తరువాత మన దేశమున నింత పెద్దది మఱియొకటి లేదు. అరణి, కాళంగి, స్వర్ణముఖి నీరు దీనిలో చేరును. శ్రీహరికోట దీవి దీనికిని బంగాళాఖాతమునకును నడుమ గోడవలె నిలిచియున్నది. చలికాలమున ఫ్లెమింగో యను పొడుగుకాళ్ల గులాబివన్నె పక్షులు వేలకొలదిగా వచ్చి దిగును. వాని పేర సూళ్లూరుపేటలో ప్రభుత్వమువారు పండుగయు జరుపుచు వచ్చినారు. ఆ పండుగకు పోయినవారు పక్షిని చూచి, ఫొటో తీసికొని, చేపల వేపుడు తిని తిరిగివత్తురు. పక్షిని చూచువారిలో పల్లెను చూచువారెందరు? ఆ సరస్సులో వలవేయు పట్టపువారిని, యానాదులను పలుకరించువారెందరు?

ఈ సరస్సునకు పరుల పెట్టుబడి క్రొత్త కాదు. 17వ శతాబ్దపు తొలిదినములలోనే డచ్చి కంపెనీవారు అద్దకపు బట్టల కొఱకు పులికాటు రేవున దిగిరి. 1613లో అచట గెల్డ్రియా యను కోటను నిలిపిరి. వారు బట్టలతో తృప్తిపడలేదు. కరవు కాలములలో ఆకటికి అమ్ముడుపోయిన మనుష్యులనుగూడ బానిసలుగా ఓడలకెత్తి బటేవియాకు పంపిరి. కొనువాని చేతిలో ధనమును, అమ్మువాని కడుపులో ఆకలియు ఉన్నప్పుడు జరుగు వ్యాపారమును సమానుల నడిమి ఒడంబడిక యనుట న్యాయశాస్త్రమును పరిహసించుటయే యగును.

పరదొరల మాట యటుండనిండు. మన స్వరాజ్యము వచ్చిన తరువాత ఏమి జరిగినది? 1969లో శ్రీహరికోటను రాకెట్టు ప్రయోగములకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన అచటినుండి తొలి రాకెట్టు ఎగిరెను. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 ఆ నేలనుండియే చంద్రునివైపు సాగెను. భారతీయుడై పుట్టినవాడెవ్వడును దీనిని తలచి గర్వింపకుండజాలడు. కాని ఆ అడవిలో దుంపలు త్రవ్వుకొని, తేనె తీసికొని, చేపలు పట్టుకొని బ్రతికిన యానాదులు ఆ దీవిని విడిచి పోవలసివచ్చెననుమాట గర్వముతో పాటు జ్ఞప్తియందుంచుకొనవలసినది. జాతి ప్రయోజనము కొఱకు నేల నిచ్చినవాడు జాతికి ఋణదాత. ఋణదాతను కూలివానిగా చూచుట స్వరాజ్యధర్మము కాదు. చంద్రునిదాక పోగల దేశమునకు, సరస్సు గట్టున నున్న యానాది గుడిసెదాక పోవుట అసాధ్యమా?

తరువాత వచ్చినది రొయ్యల కాలము. 1990 తరువాత మన కోస్తాలో రొయ్యల చెఱువుల త్రవ్వకము జ్వరమువలె వ్యాపించెను. లాభము విదేశీ ద్రవ్యముగా లెక్కలలో కనబడెను. నష్టము బావిలో ఉప్పుగా పల్లెవాని నోటికి తగిలెను. తమిళనాట సర్వోదయ సేవకుడైన ఎస్. జగన్నాథన్ గారు ఈ సంగతిని సర్వోన్నత న్యాయస్థానమునకు కొనిపోయిరి. త్రాగునీరు ఉప్పెక్కుటను, పంటభూములు చెడుటను గూర్చి నాగపూరు జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారి నివేదికలు న్యాయస్థానమునకు చేరెను. 1996 డిసెంబరు 11వ తేదీన జస్టిస్ కుల్దీప్ సింగు గారి ధర్మాసనము తీర్పు చెప్పుచు, చిలక, పులికాటు సరస్సులకు 1000 మీటరుల లోపల రొయ్యల పరిశ్రమ కూడదని పేరుపెట్టి శాసించెను. ఆ మీదట 2005లో పార్లమెంటు తీరప్రాంతపు చేపల, రొయ్యల పెంపకమునకై ప్రత్యేక చట్టము చేసెను. ఈ వ్యాజ్యమునందలి పాఠమొక్కటే: ధనము ముందు వచ్చి చట్టము వెనుక వచ్చినచో, నడుమ గడచిన యేండ్లకు వెల చెల్లించువాడు పల్లెవాడే.

పల్లెవానికి ధర్మము తెలియదనుకొనుట పట్టణవాసి అజ్ఞానము. పులికాటు పట్టపువారిలో ‘పాడు’ అను నొక కట్టుబాటు కలదు. ఆ మాట మన తెలుగు చెవికి అపశకునముగా తోచినను, అది చేయు పని మంగళకరము. సరస్సులో చేపలు మెండుగా దొరకు చోట్లను చీట్లు వేసికొని వంతులవారీగా పంచుకొందురు. ఈ దినము మంచి చోటు నాకు వచ్చినచో మఱునాడు నీకు వచ్చును. దీనికి పట్టాలేదు, రిజిస్ట్రేషను లేదు. నీటికి సరిహద్దురాయి నాటక, నలుగురికిని అన్నము దొరకునట్లు పెద్దలు కుదిర్చిన న్యాయమిది. ఇట్టి న్యాయమును కాగితముమీద లేదను నెపమున లేనిదానినిగా భావించి, కాగితముతో వచ్చినవానిని యజమానిని చేయుటయే మన కాలపు అన్యాయములలో పెద్దది.

దీవులలో నేలను కాపాడుకొన్న జాతులు లేకపోలేదు. ఫిజీ మాట మనకు దూరపుది కాదు. 1903 మొదలు మద్రాసు రేవునుండి ఆ దీవుల చెఱకుతోటలకు గిర్మిటు కూలీలుగా పోయినవారిలో ఉత్తరార్కాడు జిల్లావారు హెచ్చుగా నుండిరి. 1911 వఱకు మన చిత్తూరే ఆ జిల్లాకు ముఖ్యపట్టణము. అచటి నేలలో నూటికి 87 వంతులకు మించి ఆదివాసుల ఉమ్మడి సొత్తు. దానిని అమ్మరాదు, కౌలుకు మాత్రమే ఇయ్యవచ్చును. ఆ కౌలును చూచుటకు 1940లో ఒక బోర్డు నేర్పడినది. పరదేశి ధనవంతుడు వచ్చినను నేల మూలధనికుని చేతికి పోక ఊరివారియందే నిలుచుట ఈ యేర్పాటు గుణము. దీనియందు దోషమును లేకపోలేదు. 1997 మొదలు కౌలు గడువులు తీరుచుండగా, తరతరములుగా ఆ నేలను దున్నిన మన తెలుగు, తమిళ, హిందీ రైతులు అనేకులు నిలువనీడ లేక తరలిపోయిరి. కావున నేల ఊరిది కావలెను. దున్నువానికి భద్రతయు నుండవలెను. రెండింటిలో ఒకటి వదలిన చట్టము సగము చట్టమే.

పరుల రాకవలన ఊరికేమి దక్కునను ప్రశ్న దీవులకు మాత్రమే చెందినది కాదు. మన మండలములోని బోయకొండ గంగమ్మను దర్శించుటకు మూడు రాష్ట్రములనుండి జనులు వత్తురు. ఆదివారము కొండ క్రింద ఇసుక వేసిన రాలదు. ఆ రాకపోకలలో దిగువ పల్లెలవారి చేతికి వచ్చునది ఎంత, వారి నీటికిని గాలికిని పట్టు మురికి ఎంత అని గ్రామసభలో కూర్చుండి లెక్క చూచుకొనవలసినవారము మనమే. పుంగనూరు ఆవును చూడుడు. మన రైతు గంజి తాగియు మేపి నిలిపిన పొట్టి జాతి యది. నేడు అది దూరనగరముల ధనవంతుల తోటలలో ముద్దుబిడ్డ. దాని వెల లక్షలలో పలుకుచున్నది. జాతిని కాపాడిన రైతు వంశమువారికి ఆ లక్షలలో వాటా ఏది? కొండలమీది మన ఆవునకు జరిగినది, సరస్సులోని దీవికి జరుగదని నమ్ముట ఎట్లు?

“అయ్యా, దీవిలోనివారే వంతెన కావలెనని, ఆసుపత్రి కావలెనని అడుగుచుండగా, ధనము రావద్దని చెప్పుటకు మీరెవ్వరు? దారిద్ర్యమును దూరమునుండి కొనియాడుట తేలిక” అని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణ సరియైనదే, దానికి సమాధానము చెప్పవలెను. ప్రసవవేదనపడు స్త్రీని అర్ధరాత్రి పడవలో చేర్చి ఒడ్డునకు తేవలసివచ్చు ఊరికి వంతెన కావలెననుటలో రెండు మాటలు లేవు. కాని వంతెన పెట్టుబడిదారుడు పెట్టు భిక్ష కాదు. బడి, వైద్యము, దారి పౌరునికి ప్రభుత్వము చెల్లింపవలసిన బాకీ. తన బాకీని రాబట్టుకొనుటకై పల్లెవాడు తన నేలను వెలగా ఇయ్యవలెనా? రాజధానివాడు రోడ్డు కొఱకు ఇల్లమ్ముకొనుచున్నాడా?

ఇంకొక సంగతి. వంతెన పడినమఱునాడే నేల వెల పదింతలగును. అప్పటికి ఎవరి పేర ఏ కాగితమున్నదో వాడే లాభము పొందును. కావున వంతెనకు ముందు హక్కు రావలెను. ఇసుకదిబ్బమీద మూడు తరములుగా కాపురమున్నవాని ఇంటిస్థలము, వలలారబెట్టుకొను బయలు, పడవలు లాగు రేవు, శ్మశానము, దేవరకొలువు, మంచినీటి దొరువు, ఇవన్నియు సర్వేలో నమోదై ఊరి పేరనో, కాపురస్థుని పేరనో నిలువవలెను. ఆ తరువాత వంతెన రానిండు. అప్పుడది ఊరివాడు పట్నమునకు పోవుదారి యగును. లేనిచో పట్నమువాడు ఊరివానిని వెడలగొట్టు దారి యగును.

కొనదలచిన మనవారికిని న్యాయవాదిగా రెండు మాటలు. తీరభూములలో హెచ్చుభాగము ప్రభుత్వ పోరంబోకు, లేక బీదలకిచ్చిన డి-పట్టా నేల. 1977లో చేసిన 9వ చట్టము డి-పట్టా భూముల క్రయవిక్రయములను నిషేధించెను. 2023లో దానిని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏండ్లు నిండిన భూములకు సడలింపు కల్పించిరి. ఆ సడలింపును చూపి దళారులు బీదవాని బొటనవ్రేలి ముద్రకై తిరుగుట ఆశ్చర్యము కాదు. రిజిస్ట్రేషను చట్టము 22-ఏ క్రింది నిషేధపు జాబితా చూడక బయానా ఇచ్చినవాడు ధనమును నీటిలో పోసినట్లే. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటనలో ఇట్టి దీవులకు నిర్మాణము కూడని మేర 20 మీటరులకు తగ్గినది. చట్టము దగ్గఱకు రానిచ్చినను తుపాను ఊరుకొనునా? ఫిలిప్పీనులలోని బొరకాయి దీవిని తలచుకొనుడు: హోటళ్లు హద్దు మీఱి కట్టి, మురుగును సముద్రమునకు వదలగా, 2018 ఏప్రిలులో ప్రభుత్వమే దానిని ఆరునెలలు మూసివేసెను. నాడు ఊరిని చెఱచిన పెట్టుబడి తన్నుతానే చెఱచుకొన్నది.

అయిన చేయవలసినదేమి? మొదటిది, చూడబోవువాడు అతిథిగా పోవలెను. కేరళలో కొచ్చికి సమీపముననున్న కుంబళంగి యను దీవిపల్లెలో 2003 మొదలు అతిథులను ఊరివారి యిండ్లలోనే దింపు పద్ధతిని నెలకొల్పిరి. వండునది ఊరి యిల్లాలు, పడవ నడుపునది ఊరివాడు, రూక చేరునది ఊరిలోనే. ఇరకము అట్లు కాకుండుటకు హేతువేదియు లేదు. రెండవది, ధనము పెట్టదలచినవాడు నేలలో పెట్టక పనిలో పెట్టవలెను. పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము 1995నుండి కలదు. పట్టపువారును యానాదులును సంఘముగా చేరి మంచుగది, మరపడవ, చేపలు ఎండబెట్టు గచ్చు ఏర్పరచుకొందురేని వారికి న్యాయమైన వడ్డీకి అప్పిచ్చువాడే మంచి పెట్టుబడిదారుడు. మూడవది, 1994 పంచాయతిరాజు చట్టము గ్రామసభను గుర్తించియున్నది. ఊరి నేలకు, నీటికి సంబంధించిన ఏ యేర్పాటైనను ఆ సభలో తెలుగున చదివి వినిపించి, ఆడువారితో సహా అందరును విన్న తరువాత గాని సాగరాదు.

స్వరాజ్యమనగా ఢిల్లీలో జెండా ఎగురుట మాత్రమే కాదని మన పెద్దలు చెప్పిరి. తన ఊరికి ఎవరు రావలెనో, ఏ షరతుమీద రావలెనో నిర్ణయించు అధికారము కడపటి పల్లెవానికి దక్కినప్పుడే అది స్వరాజ్యమగును. చౌడేపల్లెవారమైన మనము ఇరకమునకు తప్పక పోవుదము. ఆ నీటిని, ఆ పక్షులను, ఆ మనుష్యులను చూతము. ఊరివాని పడవకు కిరాయి నిండుగా ఇత్తము. ఊరివాని యింట భోజనము చేసి దాని వెల చెల్లింతము. నేల మాత్రము వారికే విడిచివత్తము. మన కొండకు వచ్చువారిని మనమును అట్లే కోరుదము.