గీతకు కాపలా కావాలి, నోటికి తాళం కాదు

ఇంటిని తీర్చిదిద్దడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య అంటారు. ముగ్గు, తోరణం, పరదా, దిండుగలీబు అన్నీ ఆ లెక్కలోవే. ఈ మెచ్చుకోలులోనే మోసం ఉంది. పుట్టుకతో వచ్చినదానికి కూలి కట్టనక్కరలేదు, పేరు చెప్పనక్కరలేదు, అడిగి తీసుకోనక్కరలేదు. ఇంటీరియర్ డిజైన్ చదువుకుని దానిమీదే బతుకుతున్న స్త్రీలను కూడా ఈ మోసం వదలడం లేదు.

సలహా కోసం మా దగ్గరికి వచ్చే డిజైనర్లు చెప్పేది దాదాపు ఒకటే కథ. ఫ్లాటు కొన్నవాళ్లు పిలుస్తారు. ఆమె కొలతలు తీసుకుని, వంటగదిలో ఏది ఎక్కడ రావాలో, పిల్లల గదికి వెలుతురు ఎటునుంచి పడాలో ఆలోచించి, బొమ్మలు గీసి, చెక్కా రంగులూ ఎంచి చూపిస్తుంది. "ఇంట్లో మాట్లాడి చెబుతాం" అంటారు. ఆ తర్వాత ఫోను ఎత్తరు. కొన్నాళ్లకు అదే బొమ్మ ప్రకారం వేరే మేస్త్రీ పని పూర్తి చేశాడని తెలుస్తుంది. అడిగితే "నాలుగు గీతలకు డబ్బులేమిటమ్మా?" అన్న జవాబు. ఆ నాలుగు గీతల వెనక ఎన్ని రాత్రుల శ్రమ ఉందో అడిగేవాళ్లెవరు?

చట్టం ఏమంటోంది? 1957 కాపీరైటు చట్టం ప్రకారం గీసిన బొమ్మ కళాకృతే. రిజిస్టరు చేయకపోయినా దానిమీద హక్కు ఉంటుంది. స్వతంత్రంగా పనిచేసే డిజైనరు గీసిన నక్షా మీద, వేరే ఒప్పందం లేకపోతే, మామూలుగా హక్కు ఆమెదే. జీతానికి పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా గీస్తే మాత్రం హక్కు యజమానిది. అయితే కాపీరైటు కాపాడేది గీసిన రూపాన్నే గాని, దాని వెనకున్న ఆలోచనను కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. ఆలోచనను విని, బొమ్మను కొంచెం మార్చి వాడుకునేవాడికి ఇక్కడే సందు దొరుకుతోంది.

ఆ సందును మూసేది గోప్యతా ఒప్పందం. మన దేశంలో వ్యాపార రహస్యాల కోసం ప్రత్యేక చట్టం లేదు. కానీ నమ్మకంతో చెప్పినదాన్ని చెప్పినవారి అనుమతి లేకుండా వాడుకోవడం తప్పేనని కోర్టులు అంగీకరించాయి. 2003లో జీ టెలిఫిల్మ్స్, సన్‌డయల్ కేసులో బొంబాయి హైకోర్టు, ఒక టీవీ సీరియల్ కోసం నమ్మకంతో చెప్పిన ఊహకు రక్షణ ఇచ్చింది. సీరియల్ ఊహకు దొరికిన రక్షణను గది ఊహకు మనం ఎందుకు అడగకూడదు? నమ్మకంతో చెప్పానని రుజువు చేసుకోవాలంటే కాగితం ఉండాలి.

ఆ కాగితం రెండు పేజీలు దాటనక్కరలేదు. ఏయే బొమ్మలు, ఏ తేదీన, ఎవరికి చూపించారో ఉండాలి. పని ఇవ్వకపోతే వాటిని వాడకూడదని, మేస్త్రీకి గాని మరో డిజైనరుకు గాని ఇవ్వకూడదని, తిరిగి ఇచ్చేయాలని ఉండాలి. ఎంతకాలమో, మాట తప్పితే ఎంత కట్టాలో రాయాలి. బొమ్మలు చూపించకముందే సంతకం తీసుకోవాలి. కాగితం మీద సంతకం పెట్టమనడానికి మొహమాటమైతే, ఈమెయిల్‌లో షరతులు పంపి ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోవచ్చు. అలాంటి ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు.

ఇదంతా ఒక పక్క. రెండో పక్క చూడకుండా సంతకాలు పెట్టండని చెప్పలేను. ఎందుకంటే గోప్యత అన్న మాట ఎప్పుడూ బలవంతుడికే ఎక్కువ ఉపయోగపడింది. పెద్ద సంస్థల్లో చేరే అమ్మాయిల చేత సంతకం చేయించుకునే కాగితాల్లో, తను గీసిన పనిని తన పనిగా ఎక్కడా చూపించుకోకూడదన్న షరతు ఉంటుంది. మానేశాక ఇదే వృత్తిలో మరెక్కడా పనిచేయకూడదన్న షరతూ పెడతారు. అలా బతుకుతెరువును అడ్డుకునే షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం చెల్లదు. ఆఫీసులో గాని, పని జరిగే ఇంట్లో గాని లైంగిక వేధింపు ఎదురైతే, 2013 చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కును ఏ గోప్యతా షరతూ లాక్కోలేదు. రహస్యంగా ఉండాల్సింది నక్షా, నేరం కాదు.

పేరు పోగొట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు. షార్లెట్ పెరియాన్ పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పని అడగడానికి వెళితే, ఇక్కడ దిండ్ల మీద కుట్లు వేయం అని మొదట తిప్పి పంపేశారు. 1927లో అక్కడే చేరి ఆమె రూపుదిద్దిన కుర్చీలు చాలాకాలం ప్రధానంగా ఆయన పేరు మీదే చలామణి అయ్యాయి. అందుకే ఒప్పందంలో దాచే షరతుతోపాటు పేరు వేసే షరతు కూడా రాసుకోవాలి. పని పూర్తయ్యాక ఫోటోలు తన పేరుతో చూపించుకునే హక్కు అడిగి తీసుకోవాలి.

డిజైనరు సోదరీమణులకు మరొక్క మాట. మీ గీతకు రక్షణ అడుగుతున్న మీరే, లంబాడీ స్త్రీ కుట్టిన అద్దాల పనిని, నరసాపురం స్త్రీ అల్లిన లేసును గోడకు తగిలించేటప్పుడు ఆమె పేరు, ఆమె కూలి సంగతి అడగండి. నరసాపురం లేసు పనివాళ్లను ఖాళీ సమయంలో కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టి వాళ్ల శ్రమను ఎలా కనపడకుండా చేశారో మరియా మీస్ 1982లోనే పుస్తకంగా రాశారు. మీ నాలుగు గీతలను తేలిక చేసినవాళ్లూ, ఆమె అల్లికను కాలక్షేపమన్నవాళ్లూ మాట్లాడేది ఒకే భాష.

ఒంటరిగా అడిగితే "ఈవిడతో గొడవ" అని మరొకరిని పిలుస్తారు. ఊళ్లో పదిమంది డిజైనర్లు కూడి ఒకే నమూనా ఒప్పందం వాడితే, సంతకం అడగడం మర్యాద తప్పడం కాకుండా మామూలు పద్ధతి అవుతుంది. అలాంటి నమూనాను తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో తయారుచేయడానికి న్యాయవాద మిత్రులు ముందుకు రావాలి. మీకు ఎదురైన షరతులను, మీరు కాదన్న షరతులను మాకు రాయండి.