రహీమ్ సాబ్ షహర్‌లో మన పిల్లలకు సీటేది? ఉస్తాదేడి?



ఫుట్‌బాల్ శౌఖ్ ఉన్నవాళ్ళు నలుగురు కూర్చుంటే రెండే షికాయత్‌లు. ఒకటి టికెట్టు, రెండోది కోచ్. ఇంటిల్లిపాదీ పోయి మ్యాచ్ చూడాలంటే జేబు ఖాళీ. పోయి చూసినా, గీత బయట నిలబడి కేకేసే ఉస్తాద్‌కు మన గల్లీ పిల్లల మొహం తెలియదు. "మరి ఇది మన క్లబ్బు ఎట్లయితది?" అని అడుగుతున్నారు. వాజిబ్ సవాలే. పెద్ద క్లబ్బులను వదిలేయండి, రెండో అంతస్తులో ఆడే చిన్న క్లబ్బుకైతే ఈ సవాలు బతుకు సవాలే. టికెట్టూ కోచూ రెండు వేరు వేరు గొడవలు కావు, ఒకటే గొడవ అని నేనంటాను. క్లబ్బు ఎవరి కోసం ఉంది అన్నదే ఆ గొడవ.

ముందు మన హాల్ ఏమిటో చూద్దాం. 2019లో పూణె క్లబ్బు మూతపడితే దాని జాగాలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా గెలిచింది. తర్వాత జీతాల బకాయిలు. కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఫిఫా ఆంక్షలు. మాలిక్‌లు మారారు. 2025లో క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. గచ్చిబౌలి స్టేడియంలో గొంతు చించుకున్న అభిమానిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. పూణె నుంచి వచ్చినప్పుడూ అడగలేదు, ఢిల్లీకి పోయినప్పుడూ అడగలేదు. కిరాయిదారు ఇల్లు ఖాళీ చేసినట్టు సామాన్లు సర్దుకుని పోయారు.

ఇక మిగిలింది శ్రీనిధి డెక్కన్. 2021లో ఐ-లీగ్‌లోకి వచ్చింది. ఆ లీగ్ ఇప్పుడు దేశంలో రెండో అంతస్తు. ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. సొంత మైదాన్ కట్టుకున్నారు, అజీజ్‌నగర్‌లో. 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచారు. మొదటిసారి పంజాబ్, రెండోసారి కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ పై అంతస్తుకు పోయాయి. ఒక్క మెట్టు దగ్గర రెండుసార్లు ఆగిపోవడం ఐబ్ కాదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ జట్టు రెండుసార్లు గెలుపు అంచు దాకా పోయిందని మీ మొహల్లాలో ఎంతమందికి తెలుసు? మా రాజోలిలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదే మెస్సీ పేరు చెప్పండి, పాలు తాగే పిల్లాడు కూడా తల తిప్పుతాడు.

మెస్సీ మాట వచ్చింది కాబట్టి టికెట్టు సంగతి అక్కడి నుంచే మొదలుపెడతా. 2025 డిసెంబర్ 13న ఆయన ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. టికెట్టు వేలల్లో. ఆయనతో ఫోటో కావాలంటే దాదాపు 10 లక్షల రూపాయలు. అదే రోజు కలకత్తాలో వేలు పోసి టికెట్టు కొన్నవాళ్ళు ఆయన మొహం సరిగా కనపడక కుర్చీలు విరిచారు, సీసాలు విసిరారు. విరగ్గొట్టడాన్ని నేను సమర్థించను, కానీ వాళ్ళ కడుపుమంట అర్థమవుతుంది. మన షహర్‌లో ఉన్న పెద్ద క్లబ్బు ఢిల్లీకి పోయిన రెండు నెలలకే ఈ తమాషా. ఆట పోయింది, తమాషా వచ్చింది. తమాషాకు పెట్టే డబ్బు ఒక్క రాత్రిలో ఆవిరైపోతుంది. అదే డబ్బుతో ఎన్ని జిల్లాల్లో ఎందరు ఉస్తాద్‌లకు ఏడాది జీతం ఇవ్వొచ్చో హిసాబ్ వేసుకోండి.

చిన్న క్లబ్బు టికెట్టు చవకే కదా అంటారు కొందరు. టికెట్టు మీద అచ్చయిన అంకె ధర కాదు భాయ్. మా రాజోలి నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. మియా బీవీ, ఇద్దరు పిల్లలు బయల్దేరితే రాకపోకలకు ఎనిమిది బస్సు టికెట్లు. బస్టాండులో దిగాక అజీజ్‌నగర్ దాకా ఆటో. రెండు పూటల తిండి. రాత్రి మ్యాచ్ అయితే తిరుగు బస్సు దొరకదు, ఎవరో చుట్టాల ఇంట్లో పడుకోవాలి. దినం కూలీ పోతుంది. ఇన్ని పోగయ్యాక గేటు దగ్గర ఇంకో నాలుగు టికెట్లు. గరీబ్ ఇంటికి ఆ ఆఖరి నాలుగు టికెట్లే "వద్దులే" అనిపించే బరువు. షహర్‌లోనే ఉండే పాతబస్తీ కుటుంబానికీ ఇదే హిసాబ్ కొంచెం చిన్న అంకెల్లో ఉంటుంది.

దీన్ని మగ్గం ఊరి వాళ్ళకు వివరించి చెప్పక్కర్లేదు. రాజోలి చీర షోరూములో ఎంతకు అమ్ముతారో, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడి చేతికి ఎంత వస్తుందో మా ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. చీర ధర పెరిగినంత మాత్రాన నేతగాని కూలీ పెరగదు. టికెట్టూ అంతే. ధర పెరిగితే ఆ డబ్బు పదేళ్ళ పిల్లలకు ఆట నేర్పే ఉస్తాద్ దాకా వస్తుందా? వస్తే సంతోషంగా ఇస్తాం. రానప్పుడు మేమెందుకు పెంచి ఇవ్వాలి?

ఇప్పుడు ఉస్తాద్ సంగతి. ఈ షహర్ ఎవరిదో మర్చిపోయినవాళ్ళకు యాద్ చేస్తా. మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్కూల్ మాస్టర్. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతికి తీసుకున్నారు. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఆ జట్టు ఎవరికీ వదల్లేదు. ఆయన కోచ్‌గా దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ మెల్‌బోర్న్ జట్టులో తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్ అందరూ మన హైదరాబాద్ మట్టి తిన్నవాళ్ళే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్‌లో ఆయన ఇంతెకాల్ అయ్యారు. ఆ తర్వాత కూడా సయ్యద్ నయీముద్దీన్, మొహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ వచ్చారంటే ఆయన, ఆయన తోటివాళ్ళు వేసిన నాట్లే కారణం.

రహీమ్ సాబ్ దగ్గర ఏముండింది? కోట్ల బడ్జెట్ లేదు. ఆయన చేసిందల్లా చిన్న పిల్లల దగ్గరికి పోవడం. వయసుల వారీగా టోర్నమెంట్లు పెట్టించారు. బలహీనమైన కాలితోనే తన్నాలని షరతు పెట్టి ఒక పోటీ, బంతిని కాళ్ళ దగ్గర ఆడించకుండా వెంటనే అందించాలని ఇంకో పోటీ. మాస్టర్ గారి దిమాగ్ అది. గరీబ్ ఇంటి పిల్లాడికి ఆటతో పాటు పోలీసు నౌకరీ కూడా దొరికేది. ఆట ఇజ్జత్ ఇచ్చింది, రోజీ ఇచ్చింది. అందుకే తల్లులు "ఆడుకో బేటా" అన్నారు.

ఇప్పుడు క్లబ్బులు ఉస్తాద్‌ను స్పెయిన్ నుంచి, పోర్చుగల్ నుంచి తెస్తున్నాయి. పరదేశీ కోచ్ అంటే నాకు చిడ్ లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో కప్పు తెచ్చింది స్పెయిన్ వాడైన మనోలో మార్కెజే. ఆకాశ్ మిశ్రా, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్ళు ఆయన చేతి కింద మెరిశారు. ఇల్మ్ ఎక్కడ దొరికినా తీసుకోవాల్సిందే. కానీ చూడండి, ఒకరు ఉత్తరప్రదేశ్, ఒకరు గోవా. గద్వాల పిల్లాడు, వనపర్తి పిల్లాడు, నాగర్‌కర్నూల్ పిల్లాడు ఆ చేతి కిందికి పోయే దారి ఎక్కడుంది? బయటి కోచ్ ఏడాదో రెండేళ్ళో ఉండి పోతాడు. రేపు ఆదివారం మ్యాచ్ గెలవడం వరకే అతని కాంట్రాక్టు. మూడు మ్యాచ్‌లు ఓడితే ఆయన్ను పంపేసి ఇంకొకర్ని తెస్తారు. పోయేటప్పుడు ఆయన పక్కన నిలబడి నేర్చుకున్న మన షాగిర్ద్ ఒక్కడైనా మిగలకపోతే ఆ జీతం కిరాయి కింద లెక్క, తాలీమ్ కింద లెక్క కాదు.

రెండు షికాయత్‌లు ఇక్కడే కలుస్తాయి. మన ఊరి పిల్లాడు ఆ జట్టులో ఆడుతుంటే ఊరు ఊరంతా బస్సు మాట్లాడుకుని పోతుంది. టికెట్టు భారం అనిపించదు, పెళ్ళి చదివింపుల్లాగా ఇస్తారు. టికెట్టు అందుబాటులో ఉంటే పదేళ్ళ పిల్లాడు మైదాన్ చూస్తాడు, "నేనూ ఆడతా" అంటాడు. ఒక తలుపు మూస్తే రెండోది దానంతటదే మూసుకుంటుంది. మనవాళ్ళు రెండూ మూసి, జనం రావడం లేదని ఏడుస్తున్నారు.

"టికెట్టు తగ్గిస్తే క్లబ్బు ఎట్ల నడవాలి?" అని మాలిక్‌ల తరఫున మాట్లాడేవాళ్ళు అంటారు. చిన్న క్లబ్బు గేటు కమాయీ మీద బతకదని వాళ్ళకూ తెలుసు. మాలిక్ జేబు, స్పాన్సర్ల డబ్బుతోనే నడుస్తుంది. ఖాళీ కుర్చీ ఒక్క పైసా ఇవ్వదు. నిండిన కుర్చీని చూసే స్పాన్సర్ వస్తాడు. కేరళ మలప్పురంలో సెవెన్స్ ఆటలు చూడండి. తాత్కాలికంగా కట్టిన గ్యాలరీల్లో రాత్రి పూట కిటకిటలాడుతూ జనం. అందరికీ అందే టికెట్టు, అందరికీ తెలిసిన ఆటగాళ్ళు, అంతే కిటుకు.

అభిమాని నోరు తెరిస్తే ఏమవుతుందో కూడా దునియా చూసింది. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు తన స్టేడియంలో ఒక స్టాండు టికెట్టును 77 పౌండ్లు చేస్తామంది. మ్యాచ్ మధ్యలో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. రాయి విసరలేదు. కొద్ది రోజుల్లోనే మాలిక్‌లు మాఫీ కోరి ధర వెనక్కి తీసుకున్నారు. జర్మనీలో ఒకటి రెండు క్లబ్బులు తప్ప అన్నిట్లోనూ ఓట్లలో సగానికి పైన సభ్యుల చేతిలో ఉండాలని కాయిదా. అక్కడ క్లబ్బును రాత్రికి రాత్రి ఇంకో షహర్‌కు మోసుకుపోవడం అంత ఆసాన్ కాదు.

కాబట్టి మన ముతాలిబా సాఫ్‌గా చెబుదాం. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు గేటు ఉచితం. ఇంటికంతటికీ కలిపి ఒకే ఫ్యామిలీ టికెట్టు. మన తల్లులు, చెల్లెళ్ళు నిశ్చింతగా కూర్చునే వరసలు, వజూకు నీళ్ళు, మగ్రిబ్ చదువుకోవడానికి నాలుగు చాపల జాగా. పాలమూరు జిల్లాల నుంచి వచ్చేవాళ్ళకు తిరుగు బస్సు అందే వేళలో కొన్ని మ్యాచ్‌లు. ప్రతి పరదేశీ కోచ్ పక్కన ఇద్దరు తెలంగాణ షాగిర్ద్‌లు, వాళ్ళ లైసెన్సు కోర్సు ఖర్చు క్లబ్బుదే. జట్టులో మన జిల్లాల పిల్లలు ఎందరున్నారో ఏటా బయటపెట్టాలి. సర్కారుకూ ఒక మాట: మైనారిటీ గురుకులాల్లో వేలమంది పిల్లలున్నారు. సాయంత్రం అస్ర్ తర్వాత గంటసేపు వాళ్ళ ముందు బంతి పెట్టి, పక్కన ఒక ఉస్తాద్‌ను నిలబెట్టండి.

మనకూ నసీహత్ ఉంది. పదో నెంబర్ జెర్సీ కొనడానికి, ఫోన్లో జట్టు కట్టి పందెం కాయడానికి మన కుర్రాళ్ళ దగ్గర డబ్బుంది. జువా హరామ్ అని తెలిసి కూడా. మన షహర్ జట్టు మ్యాచ్‌కు పోదామంటే మాత్రం "వాళ్ళెవరు?" అంటారు. రహీమ్ సాబ్ పేరు మీద సినిమా వస్తే కళ్ళు తుడుచుకున్నాం. ఆయన పని మాత్రం ఎవరూ ఎత్తుకోలేదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర ఎండాకాలం ఇసుక తేలినప్పుడు మన పిల్లలు ఆడుతూనే ఉంటారు. చెప్పులే గోలు పోస్టులు. వాళ్ళ కాళ్ళలో దమ్ముంది.

క్లబ్బు మాలిక్ ఆస్తి కావచ్చు. ఆట మాత్రం ఆ పిల్లల అమానత్. అమానత్ అప్పగించమని అడగడం భిక్ష కాదు, హక్. వచ్చే సీజన్ మొదలయ్యేలోగా ఈ ముతాలిబాను కాగితం మీద రాసి, మొహల్లాకు ఇరవై దస్తఖత్‌లు పెట్టించి క్లబ్బు గేటు దగ్గరికి పంపుదాం. జవాబ్ రాకపోతే డబ్బు కట్టే లోపలికి పోదాం. 77వ నిమిషానికి ఎట్ల లేవాలో దునియా మనకు నేర్పే ఉంది.

ఖుదా హాఫిజ్.