ప్రేక్షకుల పేరు చెప్పి

స్వలింగ ప్రేమ కథ అనగానే శ్రీనగర్ కాలనీ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా సినిమావాళ్లు చెప్పే సాకు ఒకటుంది: మన ప్రేక్షకులు ఒప్పుకోరు. వాళ్లనెవరు అడిగారు?

1994లో జపాన్ పిల్లలు టీవీలో చూసిన 'సైలర్ మూన్' బొమ్మల సీరియల్‌లో హరుకా, మిచిరు ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిలు. 2000లో అమెరికా డబ్బింగ్‌లో వాళ్లు వరసకు అక్కచెల్లెళ్లయిపోయారు. మాట మార్చింది పిల్లలు కాదు, వ్యాపారులు.

1963లో 'నర్తనశాల'లో ఎన్.టి.రామారావు వేసిన బృహన్నలను మన జనం నెత్తిన పెట్టుకున్నారు. నిజమే, అది శాపం; ఏడాది గడువు తీరితే మళ్లీ అర్జునుడే. 2018లో 'అ!' పెళ్లి చేసుకోవాలనుకునే ఇద్దరు స్త్రీలను చూపి, చివరికి వాళ్లను మరో స్త్రీ మనసులోని పాత్రలుగా తేల్చింది. శాపమూ, ఊహా కాకుండా మన వీధిలో బతికే మనుషులుగా చూపినవెన్ని?

హాల్లో నవ్వులు వినబడటం లేదా అంటారు. వినబడుతున్నాయి. హిజ్రా పాత్ర రాగానే సంగీతం మారుతుంది, కమెడియన్ పారిపోతాడు. ఎక్కడ నవ్వాలో తెరే నేర్పుతుంది. అక్కడ నేర్చిన 'తేడా' అన్న మాట బడికీ, బస్సుకీ, పోలీస్ స్టేషన్‌కీ చేరుతుంది. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన 1919 నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. తెరమీద మాత్రం ఆ శిక్ష ఇంకా నడుస్తూనే ఉంది.

స్త్రీలను కించపరిచే దృశ్యాలను నిలదీసిన మనం ఈ నవ్వులనూ నిలదీయాలి. ప్రేక్షకుల్లో సగం మనమే. మా పేరు చెప్పి హేళన అమ్ముకోవద్దని ఫిల్మ్‌చాంబర్ గుమ్మం ముందే చెబుదాం.