నూటఇరవై ఆటల గడియారం

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది: 120 స్పోర్ట్స్ మోడ్స్. లోపల చూస్తే స్కీయింగ్ ఉంటుంది, గుర్రపుస్వారీ ఉంటుంది, విలువిద్య ఉంటుంది. కరీంనగర్‌లో మంచు మీద జారేవాడు ఎవడైనా దొరికితే వాడికీ ఒక బొమ్మ సిద్ధం. సైకిల్ బొమ్మ కూడా ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి చూపిస్తూ కౌంటర్ కుర్రాడు "సైక్లింగ్‌కి ఇదే బెస్ట్ సార్, హార్ట్ రేట్ కూడా చూపిస్తుంది" అంటాడు. చూపిస్తుంది, నిజమే. చూపించడం వేరు, కొలవడం వేరు అని అతనికి ఎవరూ చెప్పలేదు. అతన్ని అని లాభం లేదు, చేతికిచ్చిన కాగితంలో ఏముందో అదే చదివాడు. నా కోపం ఆ కాగితం రాసినవాళ్ల మీద.

ఆ నూటఇరవై ఆటల వెనకా ఉన్నది ఒకటే ఆకుపచ్చ లైటు, ఒకటే కదలికల చిప్పు. చవక వాచీల్లో ఆట మార్చితే చాలావరకు మారేది తెర మీద బొమ్మా, కేలరీల గుణకారమూ. సైకిల్ తొక్కేవాడికి ఇవన్నీ ఎందుకు? వికారాబాద్ దాటాక అనంతగిరి ఎక్కుతూ ఉంటే, ఊపిరి బరువెక్కుతూ ఉంటే, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో నమ్మదగిన ఒక్క అంకె కావాలి. సరిగ్గా అప్పుడే ఈ వాచీ చేతులెత్తేస్తుంది. పోనీ, ఎత్తేశానని ఒప్పుకుంటుందా అంటే అదీ లేదు. అంకె దొరకనప్పుడు రెండు గీతలు చూపించి ఊరుకోవచ్చు. ఊరుకోదు. ఏదో ఒక అంకె వేసి, దానికి రంగు పూసి, గ్రాఫు గీసి చేతిలో పెడుతుంది.

ఎందుకిలా జరుగుతుందో పెట్టె మీద రాయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. వాచీ వెనక వెలిగే లైటు చర్మంలోకి దిగుతుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ మణికట్టు దగ్గరి సన్నని నాళాల్లో రక్తం కాస్త పెరిగి, తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టడమే వాచీ పని. అంటే అది చూస్తున్నది గుండెను కాదు, గుండె పంపిన అల మణికట్టు దాకా వచ్చాక దాని నీడను. సోఫాలో కూర్చున్నవాడి నీడ నిలకడగా ఉంటుంది, దాన్ని రెండు వేల రూపాయల వాచీ కూడా బాగానే చదువుతుంది. సైకిల్ మీద సంగతి వేరు. హ్యాండిల్ పట్టుకున్న మణికట్టు వెనక్కి వంగి ఉంటుంది, ఒంటి బరువులో కొంత దాని మీదే పడుతుంది. బ్రేకు నొక్కినా గేరు మార్చినా ముంజేతి కండరాలు సరిగ్గా వాచీ కిందే కదులుతాయి. ఆపైన మన రోడ్లు! గతుకు, ప్యాచ్ వర్కు, ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు. ప్రతి అదురూ టైరు నుంచి ఫోర్కుకు, ఫోర్కు నుంచి హ్యాండిల్‌కు, అక్కణ్ణుంచి తిన్నగా వాచీకి. రక్తం తెచ్చే మార్పు రవ్వంత, కుదుపు తెచ్చే మార్పు దానికి ఎన్నో రెట్లు. డిసెంబరు తెల్లవారుజామున చలికి చేతుల్లో నాళాలు ముడుచుకుంటే ఆ రవ్వంత కూడా మిగలదు. కుదుపును లెక్కలోంచి తీసేయాలని సాఫ్ట్‌వేర్ పెనుగులాడుతుంది. తీయలేనప్పుడు ఊహిస్తుంది. ఒక్కోసారి గుండె లయను వదిలేసి కదలిక లయనే పట్టుకుంటుంది.

ఆ ఊహకు ఎంత తెగింపో చెప్పాలంటే, కొన్నేళ్ల కిందట చైనాలో జనం టాయిలెట్ పేపరు చుట్టకు ఫిట్‌నెస్ బ్యాండు కట్టారు. దానికీ గుండె కొట్టుకుంటున్నట్టు అంకె వచ్చింది. ఫొటోలు తీసి పంచుకుని నవ్వుకున్నారు. లైటు వెలిగింది, ఎదుట ఉన్నదేదో ఆ వెలుతురును తిప్పికొట్టింది, వచ్చిన దాంట్లో సాఫ్ట్‌వేర్ ఏదో ఒక లయ వెతికి తీసింది. కాగితానికి గుండె ఉందా లేదా అన్నది ఆ లెక్కలో లేని ప్రశ్న. మన అనంతగిరి ఎత్తు మీద మణికట్టుకు జరుగుతున్నదీ ఇదే. కాకపోతే మనం నవ్వుకోం, ఆ అంకెను నమ్మి ఇంకొంచెం గట్టిగా తొక్కుతాం.

నమ్మితే నష్టమేమిటి అంటారా? చవక వాచీ అంకెలు ఎగుడుదిగుడుగా కనిపించకుండా కొన్ని సెకన్ల సగటు వేసి చూపిస్తుంది. ముప్పై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కి ఆపితే, అసలు గుండె దిగడం మొదలయ్యాక వాచీ ఎక్కడం మొదలెడుతుంది. కుర్రాళ్లకు ఇది చికాకు, అంతే. యాభై దాటాక, డాక్టరు "మెల్లగా తొక్కండి, ఇంత దాటనివ్వకండి" అని ఒక హద్దు చెప్పి పంపినవాడికి ఇది చికాకుతో పోదు. 165 ఉన్నచోట 120 చూపించే వాచీ కన్నా వాచీ లేని చేయి నయం.

ఇంత జరిగినా ఎవరినీ పట్టుకోలేం. పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఇది వైద్య పరికరం కాదు" అని ఉంటుంది. ముందు వైపు ఎర్రటి గుండె బొమ్మ, వెనక వైపు మాకు సంబంధం లేదన్న మాట. బీఐఎస్ గుర్తు ఉంది కదా అని ధైర్యం చెప్పుకునేవాళ్లున్నారు. స్మార్ట్‌వాచీల మీద ఆ తప్పనిసరి రిజిస్ట్రేషన్ గుర్తు కరెంటు, బ్యాటరీ భద్రతకు సంబంధించినది. చేయి కాలదని దాని అర్థం, అంకె సరైనదని కాదు. ఈ అలుసు చూసుకునే బీపీ కూడా చూపిస్తామంటారు, ఆక్సిజన్ చూపిస్తామంటారు, సూది గుచ్చకుండా చక్కెర చెబుతామనేదాకా వెళ్లారు. ఆ చక్కెర వాచీలనూ ఉంగరాలనూ కొనొద్దని, వాడొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. ఇన్ని పనులు చేస్తానన్న సరుకు చెప్పిన మొదటి పనే చేయడం లేదని అడిగే నాథుడు లేడు.

సమీక్షకులు అడగాలి. వీడియో తెరిస్తే తెర ఎంత వెలుగుతుంది, బెల్టు ఎన్ని రంగుల్లో వస్తుంది, కాల్ మాట్లాడితే గొంతు ఎలా వినిపిస్తుంది అని పది నిమిషాలు. గుండె సంగతి కుర్చీలో కూర్చుని ఒక ముక్క. బయటికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ మీద ఓ చుట్టు వేసి "పర్ఫెక్ట్" అంటారు. నున్నటి ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ఒకే వేగంతో పోతే పనికిమాలిన వాచీ కూడా పరువు కాపాడుకుంటుంది. ఇంట్లో ట్రైనర్ స్టాండుకు సైకిల్ బిగించి తొక్కినా అంతే, చేయి కదలదు కాబట్టి అంకె పర్వాలేదు. సూర్యాపేట సర్వీసు రోడ్డు మీదో, అరకు ఘాట్‌లోనో చూపించండి పర్ఫెక్ట్!

ఇంకో వర్గం ఉంది. వీళ్ల మీద కోపం కన్నా బాధే ఎక్కువ. పన్నెండు వేల సైకిల్ మీద ఆదివారం గుంపులో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, హార్ట్ రేట్‌కి ఏం కొనాలి?" అని అడుగుతాడు. కార్బన్ ఫ్రేము మీదున్న అన్న వెనక్కి తిరగకుండానే "కొంటే మంచిదే కొను తమ్ముడూ, నలభై వేలలో వస్తుంది" అంటాడు. సైకిల్‌కు మూడు రెట్లు వాచీకి! ఖరీదైన వాచీలో సెన్సర్లు మెరుగ్గా ఉంటాయి, లెక్క తెలివిగా ఉంటుంది, కాదనను. కానీ కట్టుకునేది అదే మణికట్టుకు, పట్టుకునేది అదే హ్యాండిల్. గార్మిన్ కంపెనీ ఆ ఖరీదైన వాచీల పక్కనే గుండె వేగం కొలిచే ఛాతీ బెల్టును కూడా అమ్ముతుంది. పోలార్ కూడా అమ్ముతుంది. గట్టిగా తొక్కేటప్పుడు మణికట్టు చాలదని వాళ్లకే తెలుసు. అన్నకూ తెలుసు, జెర్సీ కింద ఆయన కట్టుకున్నది ఆ బెల్టే. తమ్ముడికి చెప్పింది మాత్రం వాచీ సంగతి.

ఆ బెల్టు కొత్త సంగతేం కాదు. ఫిన్లాండ్‌లో ఊలు నగరం పక్కన కెంపెలేలో 1977లో పోలార్ కంపెనీ మొదలైంది. 1982లో వాళ్ల స్పోర్ట్ టెస్టర్ వచ్చింది. ఛాతీ మీది సెన్సర్ నుంచి మణికట్టు మీది తెరకు తీగ లేకుండా అంకె పంపడం అక్కడ మొదలు. నలభై ఏళ్లు దాటింది, అసలు సూత్రం మారలేదు. గుండె ప్రతి సంకోచానికీ ముందు పుట్టే విద్యుత్తును చర్మం మీద రెండు ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి. ఆసుపత్రిలో ఈసీజీ చదివేదీ ఆ విద్యుత్తునే. నీడ గొడవ లేదు, హ్యాండిల్ వంపుతో పని లేదు. మామూలు బెల్టు మూడు నాలుగు వేల రూపాయల్లో దొరుకుతుంది. నాణెం బ్యాటరీ నెలల తరబడి నడుస్తుంది. "ఏడు రోజుల బ్యాటరీ" అని చెప్పి జీపీఎస్ వేయగానే ఏడు రోజులు కాస్తా గంటల్లోకి వచ్చే వాచీలతో 200 కిలోమీటర్ల బ్రెవె అనే దూరప్రయాణానికి బయల్దేరినవాళ్లు పదమూడున్నర గంటల గడువులో ఎక్కడ చీకటి పడుతుందో చెబుతారు.

మరి తెర ఏది అంటారు. జేబులో ఉంది కదా! బ్లూటూత్‌లో హార్ట్ రేట్ పంపడానికి అందరికీ ఉమ్మడి పద్ధతి ఒకటి ఉంది. దాన్ని పాటించే బెల్టు ఏ కంపెనీదైనా స్ట్రావా లాంటి యాప్‌తో నేరుగా మాట్లాడుతుంది. రెండు వందల రూపాయల హోల్డర్‌తో ఫోను హ్యాండిల్‌కు బిగిస్తే పనైపోయింది. ఖరీదైన ఫోనైతే ఆ అదురుకు కెమెరా దెబ్బతినే ప్రమాదం ఉంది, జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాక చూసుకోండి. రేపు సైకిల్ కంప్యూటర్ కొంటే అదే బెల్టు దానికీ పనికొస్తుంది, బ్లూటూత్‌తో పాటు యాంట్ ప్లస్ అనే మరో వైర్‌లెస్ పద్ధతి ఉన్నదాన్ని ఎంచుకుంటే చాలు. చాలా చవక వాచీల అంకె మాత్రం వాటి సొంత యాప్ గుమ్మం దాటదు.

లేదు, వాచీయే కావాలంటారా? కొనండి, ఎవరి సరదా వాళ్లది. కొట్లో ఆటల సంఖ్య అడక్కండి. బయటి ఛాతీ బెల్టును ఇది అందుకుంటుందా? తన అంకెను సైకిల్ కంప్యూటర్‌కు బ్రాడ్‌కాస్ట్ చేస్తుందా? వ్యాయామంలో ప్రతి సెకనూ రాసుకుంటుందా, సొంత జీపీఎస్ ఉందా, ఫోనుది అరువు తెచ్చుకుంటుందా? వీటిలో మొదటి ప్రశ్నకు అవునని జవాబు వస్తే ఆ వాచీ బతికింది, ఎందుకంటే దాని మణికట్టు అబద్ధాన్ని బెల్టుతో సరిదిద్దుకోవచ్చు. కొన్ని చవక మోడళ్లు నిజంగానే ఈ పని చేస్తాయి. అవి కౌంటర్ వెనక అట్టడుగు అరలో ఉంటాయి, ఎందుకంటే వాటి తెర అంత మెరవదు.

బెల్టుకు లోపాలు లేవని చెప్పను. కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లు తడపకపోతే చెమట పట్టేదాకా అది కూడా పిచ్చి అంకెలు చెబుతుంది. ఉప్పు పేరుకుంటే చెడుతుంది, రైడ్ అయ్యాక కడిగి ఆరేయాలి. లోదుస్తుల పట్టీ మీద ఇంకో పట్టీ ఒరుసుకుంటోందని చాలామంది ఆడవాళ్లు చెబుతారు, వాళ్లు చెప్పేది నిజం. వాళ్లకు మోచేతి కింద గానీ పైన గానీ కట్టుకునే ఆర్మ్‌బ్యాండ్ ఉంది. లైటు అదే రకం, చోటు మంచిది. కండ మందంగా ఉంటుంది, మణికట్టులా వంగదు, పట్టు వదలదు.

అంకె సరిగ్గా వచ్చాక ఇంకో మోసం మిగిలి ఉంది, గుండె వేగాన్ని మెట్లుగా విడగొట్టే ఆ జోన్ల రంగులు. వయసు అడిగి, 220లోంచి తీసేసి, అదే మీ గుండె గరిష్ఠం అని వాచీ తీర్పు చెబుతుంది. ఈ లెక్క 1971 నాటి ఒక వైద్య వ్యాసంలోంచి పాకింది. అప్పటికున్న కొన్ని గణాంకాల మీదుగా గీసిన ఉజ్జాయింపు గీత అది, మనిషి మనిషికీ కొలిచిన కొలత కాదు. 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయమంది. అది కాస్త మెరుగు. దానికీ అటూ ఇటూ పది పన్నెండు బీట్ల తేడా మామూలే. పైగా పరుగులో వచ్చే గరిష్ఠం సైకిల్ మీద చాలామందికి రాదు, కొన్ని బీట్లు తక్కువే. బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వేసుకునేవాడి గుండె ఆ లెక్కకు అసలు లొంగదు, వాడి హద్దు డాక్టరే చెప్పాలి. మే నెల విజయవాడలో ఒకే వేగంతో గంట తొక్కినా అంకె పైకి పాకుతూనే ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గుతోంది, చల్లబరచడానికి రక్తం చర్మానికి పోతోంది. దానికి వాచీ ఎర్రరంగు వేసి బెదిరిస్తుంది. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా, రెండు ముక్కలకే రొప్పుతున్నారా అన్న పాత పరీక్షకు బ్యాటరీ అక్కర్లేదు, అది ఈ రంగులకన్నా నిజాయితీగా చెబుతుంది.

ఇప్పటికే వాచీ కొనేశారా? వాపసు గడువు ఇంకా ఉంటే సరే. స్నేహితుడి బెల్టు ఒక్కపూట అరువు తెచ్చుకోండి. వాచీని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైకి, బిగుతుగా కట్టండి, అన్యాయంగా ఓడించామన్న మాట రాకూడదు. ఇంటి దగ్గర్లో ఉన్న అన్నిటికన్నా చెడ్డ రోడ్డు, అన్నిటికన్నా నిటారు ఎత్తు చూసుకుని రెండూ కట్టుకుని తొక్కండి. తేడా పది బీట్లు దాటి, దాటుతూనే ఉంటే తిరిగి పంపేయండి. కారణం అడిగే గడిలో "రంగు నచ్చలేదు" అని నొక్కకండి. "గుండె లెక్క తప్పు చూపిస్తోంది" అని రాయండి, రెండు గ్రాఫుల ఫొటో కూడా జత చేయండి.